సాఫ్ట్‌వేర్ రైడ్: ఇంటి లినక్స్ కంప్యూటర్‌లో, వరంగల్ పరిస్థితుల్లో

రెండు లేదా అంతకన్నా ఎక్కువ డిస్కులను ప్రత్యేకమైన కార్డేదీ లేకుండా ఆపరేటింగ్ సిస్టమే జట్టు కట్టించి, పైకి ఒకే డిస్కుగా చూపించే ఏర్పాటును సాఫ్ట్‌వేర్ రైడ్ అంటారు. సరైన పద్ధతిలో కట్టిన జట్టులో ఒక డిస్కు పాడైనా కంప్యూటర్ ఆగదు, ఫైళ్లు పోవు. కొత్త డిస్కు పెడితే పోయిన డిస్కులోని సమాచారం మళ్లీ దానిలోకి చేరుతుంది. లినక్స్‌లో ఈ పని చేసే భాగం కెర్నెల్‌లోనే ఉంది, దాని పేరు ఎండీ. దానికి ఆదేశాలిచ్చే పనిముట్టు ఎండీఏడీఎం. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసె, ఏది వాడినా దొరుకుతాయి. పాత డెస్క్‌టాప్ అయినా సరే, రెండు డిస్కుల జట్టు నడపడానికి దాని ప్రాసెసర్ మీద పడే భారం లెక్కలోకి రాదు.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ట్రైసిటీలో లినక్స్ తెలిసిన మనిషి ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయంట్ కార్యాలయాలు మొదలయ్యాయి. ఇలాంటి ఊళ్లో చదువుకోసమో ఉద్యోగం కోసమో కొన్న డెస్క్‌టాప్ కొన్నేళ్లకు ఇంటిల్లిపాదికీ భోషాణంగా మారుతుంది. ఫోన్ల నుంచి దించిన ఫొటోలు, పెళ్లి వీడియోలు, పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోకే చేరతాయి. వాటికి ఇక్కడ రెండు ముప్పులు ఎక్కువ. ఒకటి ఉన్నట్టుండి పోయే కరెంటు, రెండోది వాన నీళ్లు. మొదటిదాని సంగతి రైడ్, యూపీఎస్ కలిసి చూసుకుంటాయి. రెండోదాని ముందు రైడ్ చేతులెత్తేస్తుంది. ఈ తేడా ముందే తెలిసినవాళ్లకు రైడ్ చాలా మంచి సాధనం. తెలియనివాళ్లకు అది లేనిపోని ధీమా.

పుట్టుక

రైడ్ అనే పేరు 1988లో స్థిరపడింది. ఆ ఏడాది జూన్‌లో షికాగోలో జరిగిన సిగ్‌మాడ్ సదస్సులో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పత్రం సమర్పించారు. వాళ్ల వాదం ప్రధానంగా డబ్బు గురించే. ఐబీఎం 3380 అనే భారీ డిస్కులో 7,500 మెగాబైట్లు పట్టేవి. కానర్ సంస్థ తెచ్చిన మూడున్నర అంగుళాల చిన్న డిస్కులో 100 మెగాబైట్లు పట్టేవి. అలాంటి చిన్నవి 75 కలిపితే పెద్దదానంత చోటు వస్తుంది, కరెంటు తక్కువ కాలుతుంది, వేగం పెరుగుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఒక్కో చిన్న డిస్కు సగటు ఆయుష్షు 30,000 గంటలు అనుకుంటే, 100 డిస్కుల జట్టులో సగటున 300 గంటలకు, అంటే రెండు వారాలు తిరగకముందే, ఏదో ఒకటి పోతుంది. కాబట్టి ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి రాబట్టగలిగేలా అదనపు సమాచారం దాచాలి. ఆ దాచే పద్ధతులకే వాళ్లు 1 నుంచి 5 దాకా లెవెళ్లని అంకెలు వేశారు. ఆలోచన అంతకుముందు లేదని కాదు. పోయిన డిస్కును మిగిలినవాటితో తిరిగి రాబట్టే పద్ధతి మీద ఐబీఎంకు చెందిన నార్మన్ ఊచికి 1978లోనే పేటెంట్ వచ్చింది. బర్క్‌లీ బృందం చేసింది దానికి ఒక పద్దు, ఒక పేరు ఇవ్వడం.

లినక్స్‌లోకి ఎండీ 1996 నాటి 2.0 కెర్నెల్‌కే వచ్చింది. అప్పుడు దాన్ని నడపడానికి రైడ్‌టూల్స్ అనే పనిముట్లు వాడేవారు. జట్టు వివరాలన్నీ ఒక ఫైలులో రాసిపెట్టాలి, ఆ ఫైలు పోతే తిప్పలే. 2001లో ఆస్ట్రేలియాకు చెందిన నీల్ బ్రౌన్ ఎండీఏడీఎం రాశారు. జట్టు వివరాలు ప్రతి డిస్కు మీదా రాసి ఉంటాయి కాబట్టి వాటిని చదివి జట్టును తనే గుర్తుపట్టి లేపుతుంది. కొన్నేళ్లలో రైడ్‌టూల్స్ మూలన పడింది. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రైడ్ 6 గణితాన్ని హెచ్. పీటర్ ఆన్విన్ 2.6 కెర్నెల్ శ్రేణిలో చేర్చారు. ఇవాళ బజారులో దొరికే సైనాలజీ, క్యూనాప్ నాస్ పెట్టెల్లో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచిపెట్టే పెట్టెలు) చాలావాటి లోపల నడిచేది కూడా ఈ ఎండీయే. పెట్టె పాడైతే దాని డిస్కులను మామూలు లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

లెవెళ్లు

రైడ్ 0లో సమాచారాన్ని ముక్కలు చేసి డిస్కుల మీద పంచుతారు. వేగం వస్తుంది, రక్షణ సున్నా. ఒక డిస్కు పోతే మొత్తం పోతుంది. ఇంటి ఫొటోలకు దీని అవసరమే లేదు.

రైడ్ 1 అద్దం పద్ధతి. రెండు డిస్కుల్లోనూ అదే రాత ఉంటుంది. 4 టెరాబైట్ల డిస్కులు రెండు కొంటే వాడుకోవడానికి మిగిలేది 4 టెరాబైట్లే. సగం డబ్బు వృథా అనిపిస్తుంది కానీ దీనంత సాదా పద్ధతి మరొకటి లేదు. ఒక్క డిస్కు చేతికి మిగిలినా అందులో మొత్తం ఫైలు వ్యవస్థ పూర్తిగా ఉంటుంది.

రైడ్ 5లో కనీసం మూడు డిస్కులు కావాలి. ఒక డిస్కంత చోటు ప్యారిటీకి పోతుంది, కాబట్టి 4 టెరాబైట్లవి మూడు పెడితే 8 దక్కుతాయి. ప్యారిటీ లెక్క చూడటానికి మాయలా ఉంటుంది కానీ చాలా చిన్నది. మొదటి డిస్కులో 1011, రెండో దానిలో 0110 ఉన్నాయనుకోండి. ఒక్కో స్థానంలో అంకెలు ఒకటే అయితే 0, వేరైతే 1 వేస్తూ పోతే మూడో డిస్కులో 1101 చేరుతుంది. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. మిగిలిన 1011ను, 1101ను అదే లెక్కతో కలపండి. 0110 తిరిగి వచ్చేస్తుంది. మూడింటిలో ఏది పోయినా అంతే. ప్యారిటీ ముక్కలన్నీ ఒకే డిస్కు మీద పడకుండా వంతులవారీగా అన్నిటి మీదా తిరుగుతాయి.

ఈ లెక్కలో రెండు బలహీనతలు ఉన్నాయి. సమాచారం రాసి, ప్యారిటీ రాసేలోపు కరెంటు పోతే రెండూ పొంతన లేకుండా మిగులుతాయి. తర్వాత ఎప్పుడో డిస్కు పోయినప్పుడు ఆ తప్పు ప్యారిటీతో తప్పు ఫైలు పుడుతుంది. దీనికి మందుగా 4.4 కెర్నెల్‌లో జర్నల్ డిస్కు సదుపాయాన్ని, 4.12లో పాక్షిక ప్యారిటీ లాగ్‌ను చేర్చారు కానీ ఇళ్లలో వాటిని పెట్టుకునేవాళ్లు అరుదు. రెండో బలహీనత, ఒక డిస్కు పోయాక కొత్తదాన్ని నింపడానికి మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. మామూలు డిస్కుల కాగితాల మీద కంపెనీలు రాసే హామీ ప్రకారం 12.5 టెరాబైట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చు. నిజానికి డిస్కులు ఇంతకన్నా మెరుగ్గానే పనిచేస్తాయి. అయినా రక్షణ ఏమీ మిగలని ఆ గంటల్లోనే మిగతా డిస్కుల మీద అత్యధిక భారం పడుతుందన్నది నిజం.

రైడ్ 6 రెండు డిస్కులు పోయినా నిలుస్తుంది, కనీసం నాలుగు కావాలి. రైడ్ 10 అద్దాన్నీ పంపకాన్నీ కలిపినది. లినక్స్‌లో రైడ్ 10ని రెండు డిస్కులతోనో మూడింటితోనో కూడా కట్టవచ్చు. ఇది దాని ప్రత్యేకత, వేరే చోట్ల సాధారణంగా నాలుగు కావాలి.

ఇంటికి ఏది? రైడ్ 1 చాలు. ఒక్కో డిస్కులోనే బోలెడన్ని టెరాబైట్లు దొరుకుతున్న రోజుల్లో ఇంట్లో రైడ్ 5 కట్టడం సరదాకే తప్ప అవసరానికి కాదు. పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియో నడుపుతూ పాత ఫుటేజీ అంతా దాచుకునేవాళ్లకు మాత్రం నాలుగు డిస్కుల రైడ్ 6 లేదా 10 ఆలోచించదగ్గది.

డిస్కులు కొనేటప్పుడు

ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి, వరస నంబర్లున్న రెండు డిస్కులు కొనడం అందరూ చేసే పనే. హనుమకొండలో కొన్నా, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ దాకా వెళ్లి కొన్నా ఇది మానుకోవాలి. ఒకే రోజు తయారై, ఒకే రాత రాసి, ఒకే వేడిలో నడిచిన డిస్కులు ఒకేసారి పోవడానికి కారణాలు ఎక్కువ. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన ఎస్ఎస్‌డీల్లో కొన్ని మోడళ్లు సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఫర్మ్‌వేర్ లోపంతో చచ్చిపోతాయని ప్రకటించింది. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు మొదలుపెట్టిన జట్టులో అలాంటివి రెండుంటే అద్దం ఏం కాపాడుతుంది? ఒకటి ఒక కంపెనీది, రెండోది ఇంకో కంపెనీది తీసుకోవడం తేలికైన జాగ్రత్త. సైజుల్లో కొద్ది తేడా ఉంటుంది కాబట్టి విభజన చేసేటప్పుడు చివర 100 మెగాబైట్లు వదిలేస్తే రేపు ఏ కంపెనీ డిస్కయినా అందులో అమరుతుంది.

రాత పద్ధతి కూడా చూడాలి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి పడేలా రాస్తారు. విడిగా వాడితే ఇబ్బంది తెలియదు. జట్టులో కొత్త డిస్కును నింపేటప్పుడు మాత్రం నత్తనడక నడుస్తాయి, ఒక్కోసారి జట్టులోంచే బయటపడతాయి. నాస్ కోసమని అమ్మిన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టెరాబైట్ల మోడళ్లు కొన్ని ఎస్ఎంఆరే అని 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకోవాల్సి వచ్చింది. మోడల్ నంబరు పెట్టి కంపెనీ పట్టిక చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి. డిస్కు ఇంటికి తెచ్చాక స్మార్ట్‌సీటీఎల్ అనే పనిముట్టుతో అది అప్పటికే ఎన్ని గంటలు నడిచిందో చూడాలి. కొత్తదని అమ్మినదానిలో వేల గంటలు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయడమే.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని చోటు తగిలితే పట్టు వదలకుండా నిమిషం, అంతకుమించి ప్రయత్నిస్తుంది. లినక్స్ మాత్రం సాధారణంగా 30 సెకన్లు చూసి డిస్కు స్పందించడం లేదని తేల్చేస్తుంది. దాంతో ఒక్క చెడ్డ సెక్టారుకు డిస్కు మొత్తాన్ని జట్టు వెలేస్తుంది. నాస్ డిస్కులు 7 సెకన్లకే ప్రయత్నం మాని చదవలేనని చెప్పేస్తాయి, అప్పుడు ఎండీ రెండో డిస్కు నుంచి ఆ ముక్క తెచ్చి దిద్దుతుంది. డెస్క్‌టాప్ డిస్కులో ఆ సదుపాయం ఉంటే స్మార్ట్‌సీటీఎల్‌తో 7 సెకన్లకు పెట్టాలి, లేకుంటే లినక్స్ ఎదురుచూపును 180 సెకన్లకు పెంచాలి.

వరంగల్ ఎండలు 44, 45 డిగ్రీలకు వెళతాయి. మామూలు డిస్కులు సాధారణంగా 60 డిగ్రీల దాకా ఓర్చుకునేలా తయారవుతాయి, అయినా గాలాడని క్యాబినెట్‌లో రెండిటినీ ఒకదానికొకటి ఆనించి బిగించకూడదు. గూగుల్ సంస్థ 2007లో తన డిస్కుల మీద ప్రచురించిన అధ్యయనంలో వేడికీ డిస్కుల చావుకూ అనుకున్నంత సంబంధం కనిపించలేదు. అదే అధ్యయనం చెప్పిన ఇంకో మాట ముఖ్యం. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ హెచ్చరికల్లో బలమైన నాలుగింటిలో ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాబట్టి స్మార్ట్ బాగుందని రైడ్ మానలేం. అలాగని రైడ్ ఉందని స్మార్ట్ చూడటం మానకూడదు.

కట్టే పద్ధతి

ఆపరేటింగ్ సిస్టమ్‌ను చిన్న ఎస్ఎస్‌డీ మీద విడిగా ఉంచి, రెండు పెద్ద డిస్కులతో సమాచారానికి మాత్రమే రైడ్ కట్టడం ఇంటికి అన్నిటికన్నా తేలిక. బూట్ కూడా రైడ్ మీద పెట్టాలంటే రెండు డిస్కుల మీదా గ్రబ్, రెండు ఈఎఫ్ఐ విభజనలు, వాటిని సరిచూసే బాధ్యత మీద పడతాయి. ఉబుంటు పోతే గంటలో మళ్లీ ఎక్కించుకోవచ్చు, అమ్మమ్మ ఫొటో పోతే ఎక్కించుకోలేం.

ముందు ఏ డిస్కు ఏదో తేల్చుకోవాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ అటూ ఇటూ మారవచ్చు. మారనిది సీరియల్ నంబరు. దాన్ని కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, క్యాబినెట్ తెరవగానే కనిపించేలా డిస్కు అంచుకు అంటించాలి. రేపు ఒకటి పోయిన రోజున కంగారులో మంచిదాన్ని పీకేయకుండా కాపాడేది ఆ కాగితమే.

తర్వాత రెండు డిస్కుల మీదా జీపీటీ పద్ధతిలో ఒక్కో విభజన చేసి, జట్టు కట్టే ఆదేశం ఇవ్వాలి. టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే అయినా పలుకుబడిలో అది ఇలా ఉంటుంది:

సుడో ఎండీఏడీఎం --క్రియేట్ /డెవ్/ఎండీ0 --లెవెల్=1 --రైడ్-డివైసెస్=2 /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1

వెంటనే రెండు డిస్కులను సరిపోల్చే పని మొదలవుతుంది. 4 టెరాబైట్ల డిస్కు సగటున సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున సాగితే ఏడు గంటలు దాటుతుంది. అది పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థ వేసుకుని వాడటం మొదలుపెట్టవచ్చు. పని ఎంతవరకు వచ్చిందో /ప్రాక్/ఎండీస్టాట్ అనే ఫైలు తెరిస్తే కనిపిస్తుంది. అందులో చతురస్ర బ్రాకెట్లలో రెండు ‘యూ’ అక్షరాలుంటే రెండు డిస్కులూ క్షేమం. ఒక ‘యూ’ పక్కన కింది గీత ఉంటే ఒకటి పోయిందని అర్థం.

ఇక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లకే మర్నాడు జట్టు ఎండీ0కు బదులు ఎండీ127 అనే వింత పేరుతో లేచి కంగారు పెడుతుంది. ఎండీఏడీఎం ఇచ్చే వివరాల వరసను దాని కాన్ఫిగ్ ఫైలులో చేర్చి, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేయించాలి. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైలు /ఈటీసీ/ఎండీఏడీఎం అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డిస్కు పేరు కాకుండా యూయూఐడీ రాసి, దాని పక్కన ‘నోఫెయిల్’ అని చేర్చాలి. అది లేకపోతే జట్టు లేవని రోజున కంప్యూటర్ మొత్తం సగంలో ఆగిపోతుంది.

చాలా ఇళ్లలో ఫైళ్లతో నిండిన పాత డిస్కు ఒకటి, కొత్తగా కొన్నది ఒకటి ఉంటాయి. మూడోది కొనకుండానే అద్దం కట్టే దారి ఉంది. ఆదేశంలో రెండో డిస్కు పేరుండాల్సిన చోట ‘మిస్సింగ్’ అని రాస్తే ఒంటి డిస్కుతో సగం జట్టు తయారవుతుంది. ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, అప్పుడు పాతదాన్ని జట్టులో చేర్చాలి. చేర్చగానే పాతదాని మీదున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అద్దం నిండే ఆ కొన్ని గంటలూ ఫైళ్లకు ఉన్నది ఒకే కాపీ. విలువైనవాటిని ముందే ఇంకెక్కడైనా పెట్టుకోకుండా ఈ దారి పట్టకూడదు.

కబురు

రైడ్ 1లో ఒక డిస్కు పోతే వాడుకునేవాళ్లకు ఏమీ తెలియదు. దాని గొప్పతనం అదే, ప్రమాదమూ అదే. ఆరు నెలల క్రితం పోయిన డిస్కు సంగతి రెండోది పోయిన రోజున బయటపడిన ఉదంతాలు రైడ్ వాడేవాళ్ల మధ్య కొత్త కాదు. ఎండీఏడీఎంకు కాపలా పని కూడా ఉంది, డిస్కు పోగానే ఈమెయిల్ పంపుతుంది. కానీ ఇంటి కంప్యూటర్‌లో మెయిల్ పంపే ఏర్పాటు మామూలుగా ఉండదు. ఎంఎస్ఎంటీపీ వంటి చిన్న పనిముట్టు పెట్టి, మన మెయిల్ ఖాతాలో యాప్ పాస్‌వర్డ్ తీసుకుని దానికి ఇవ్వాలి. ఆ తర్వాత మానిటర్ ఆదేశానికి ‘టెస్ట్’ అనే మాట చేర్చి నడిపితే ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి వస్తుంది. అది ఫోనులో మోగేదాకా రైడ్ కట్టడం పూర్తి కానట్టే.

నెలకోసారి రెండు డిస్కులనూ ఆసాంతం చదివి పోల్చే తనిఖీ డెబియన్, ఉబుంటుల్లో ముందే అమర్చి ఉంటుంది. అది నడిచేది నెల మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక. రాత్రి కంప్యూటర్ కట్టేసి పడుకునే ఇంట్లో అది తప్పిపోవచ్చు. అలాంటివాళ్లు మధ్యాహ్నం వేళకు మార్చుకోవడం మేలు.

కరెంటు

ఎండాకాలం గాలిదుమారానికి చెట్టు కొమ్మ తీగల మీద పడితే వీధంతా చీకటి. రాస్తూ ఉండగా కరెంటు పోతే రైడ్ 1లో రెండు డిస్కుల రాతకు తేడా వస్తుంది, తిరిగి రాగానే సరిపోల్చుకోవాలి. ఎక్కడెక్కడ రాత జరుగుతోందో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంటే గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. 100 గిగాబైట్లు దాటిన జట్లకు ఎండీఏడీఎం దాన్ని తనంతట తానే పెడుతుంది. యూపీఎస్ అవసరం మాత్రం తప్పదు. ఇంట్లో ఇన్వర్టరుంటే చాలనుకుంటారు, కానీ దాని వెనకున్న మీటను యూపీఎస్ వైపు పెట్టకపోతే కరెంటు మారే ఆ లిప్తలో కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంది. విడిగా యూపీఎస్ కొనేవాళ్లు యూఎస్‌బీ తీగతో కబురు చెప్పగలిగేది చూసుకుంటే, బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు నట్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌ను మర్యాదగా కట్టేస్తుంది.

బిల్లు భయం అక్కర్లేదు. రాత్రింబవళ్లు తిరిగినా 8 వాట్ల డిస్కు నెలకు ఆరు యూనిట్ల లోపే కాలుస్తుంది.

డిస్కు పోయిన రోజు

హెచ్చరిక వచ్చింది. ముందు చేయాల్సింది కంప్యూటర్ విప్పడం కాదు, మిగిలిన డిస్కు నుంచి ముఖ్యమైన ఫైళ్లను బయటికి తీసుకోవడం. తర్వాత స్మార్ట్ పట్టిక చూడాలి. 5వ నంబరు, 197వ నంబరు లెక్కలు పెరిగి ఉంటే డిస్కు ఉపరితలమే చెడుతోందని అర్థం. అవి సున్నాగా ఉండి 199వ నంబరు మాత్రం పెరుగుతుంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు, సాటా తీగది. వందా నూటయాభై రూపాయల తీగ మారిస్తే నయమయ్యేదానికి వేలు పోసి డిస్కు కొనేవాళ్లున్నారు.

డిస్కే పోయిందని తేలితే దాన్ని ‘ఫెయిల్’ ఆదేశంతో జట్టు నుంచి తప్పించి, ‘రిమూవ్’తో తీసేసి, కంప్యూటర్ ఆపి, అంటించిన కాగితంలోని సీరియల్ నంబరు చూసి విప్పాలి. కొత్తది బిగించి అంతే విభజన చేసి ‘యాడ్’ అనాలి. పూర్తిగా చావకుండా మూలుగుతున్న డిస్కయితే, కంప్యూటర్‌లో మూడో చోటు ఉంటే, ‘రీప్లేస్’ మంచిది. పాతది జట్టులో ఉండగానే కొత్తది నిండుతుంది, రక్షణ ఒక్క క్షణం కూడా తగ్గదు.

జట్టు లేవడం మానేస్తే భయంతో ‘క్రియేట్’ ఆదేశం మళ్లీ కొట్టేవాళ్లు ఉంటారు. బాగుపడగలిగిన జట్లు ఎక్కువగా ధ్వంసమయ్యేది అక్కడే. ఉన్న జట్టును లేపేది ‘అసెంబుల్’, కొత్తగా కట్టేది ‘క్రియేట్’. మదర్‌బోర్డు కాలిపోయినా బెంగపడనక్కర్లేదు. రెండు డిస్కులనూ పక్కింటివాళ్ల లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి ‘అసెంబుల్ స్కాన్’ అంటే జట్టు లేస్తుంది. ప్రత్యేక రైడ్ కార్డు చెడితే మళ్లీ అదే తరహా కార్డు వెతుక్కోవాల్సి రావచ్చు. సాఫ్ట్‌వేర్ రైడ్‌ను ఇంటికి సిఫారసు చేయడానికి ఇదొక్క కారణం చాలు.

ఈ తతంగమంతా ఫైళ్లు ఎక్కించకముందే ఒకసారి సాధన చేయాలి. కంప్యూటర్ ఆపి, ఒక డిస్కు తీగ పీకి, మళ్లీ మొదలుపెట్టి, కబురు వచ్చిందో లేదో చూసి, తిరిగి చేర్చాలి.

ఇతర మార్గాలు

2009లో 2.6.29 కెర్నెల్‌తో వచ్చిన బిటిఆర్‌ఎఫ్ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జెడ్ఎఫ్ఎస్ ఫైలు వ్యవస్థలోనే అద్దం కడతాయి. ఎండీకి లేని ఒక గుణం వీటికుంది. ప్రతి ముక్కకూ చెక్‌సమ్ దాస్తాయి కాబట్టి రెండు డిస్కుల రాతలు వేరైతే ఏది నిజమో చెప్పగలవు. ఎండీకి తేడా ఉందని తెలుస్తుంది కానీ ఎవరిది ఒప్పో తెలియదు. ఆసక్తి ఉన్నవాళ్లు బిటిఆర్‌ఎఫ్ఎస్ రైడ్ 1 నిక్షేపంగా వాడుకోవచ్చు, దాని రైడ్ 5, 6ల జోలికి పోకూడదు. మదర్‌బోర్డు బయోస్‌లో కనిపించే రైడ్ విండోస్‌తో పంచుకునే అవసరం ఉంటే తప్ప అనవసరం. యూఎస్‌బీ పెట్టెల్లోని డిస్కులతో జట్టు కట్టడం వద్దు, తీగ కదిలినా జట్టు చెదురుతుంది.

నీళ్లు

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ రోజుల్లోనే వరంగల్‌లో హంటర్ రోడ్డు పరిసరాల కాలనీలు మునిగాయి, 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2020 ఆగస్టులోనూ ఊరు మునిగింది. గొలుసుకట్టు చెరువుల నడుమ పెరిగిన ఊరిది, నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూనే ఉంటాయి. బల్ల కింద నేల మీద పెట్టిన క్యాబినెట్‌లో అద్దం కట్టిన డిస్కులు రెండూ నీళ్లలోకి ఒకేసారి వెళతాయి. పిడుగు, దొంగతనం, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్, పొరపాటున నొక్కిన డిలీట్, వీటన్నిటి విషయంలోనూ అంతే. తుడిచేసిన ఫైలును రైడ్ రెండు డిస్కుల మీదా అదే క్షణంలో తుడిచేస్తుంది.

అందుకే క్యాబినెట్‌ను నేల మీంచి ఎత్తుగా పెట్టడం మొదటి పని, మూడో డిస్కు కొనడం రెండో పని. అది జట్టులో చేరదు. లక్స్ పద్ధతిలో తాళం వేసి, ఆర్‌సింక్‌తోనో, పాత తేదీల కాపీలు కూడా దాచే బోర్గ్, రెస్టిక్‌లతోనో ఫైళ్లు ఎక్కించి, హైదరాబాద్‌లో ఉన్న అక్కయ్య ఇంట్లోనో, ఊళ్లోనే మెరకన ఉన్న బంధువుల ఇంట్లోనో ఉంచాలి. తడిసిన డిస్కును ఆరబెట్టి కరెంటు ఇచ్చి చూడాలనే కోరిక ఎవరికైనా పుడుతుంది. ఇవ్వకూడదు, లోపలి పళ్లేలు గీసుకుపోతే ప్రయోగశాల వాళ్లు కూడా ఏమీ చేయలేరు. బయట ఉంచిన డిస్కును పండగలకు వచ్చిపోయేటప్పుడు తెప్పించుకుని కొత్త ఫైళ్లు చేర్చండి, పంపేముందు అందులోని ఒక ఫొటో, ఒక వీడియో తెరిచి చూడండి.